రెండో పేలుడు

రామక్క పేరు మీద తుపాకీ లైసెన్సు వచ్చేనాటికి ఆమెకు యాభై దాటాయి. అప్పటికి ఆమె చేతులు తుపాకీ ఎరగనివేం కావు. పాలపళ్ళు ఊడే వయసులోనే మందుకొమ్ము మెడలో వేసుకుని తండ్రి ముసలయ్య వెనక మంచె ఎక్కిన మనిషి. గొట్టంలో మందు పోయడం, పీచు దట్టించడం, ఇనప చువ్వతో అదమడం ఆమె పని. మీట నొక్కడం మాత్రం తండ్రి పని. కాగితం మీద పేరూ తండ్రిదే. ఇప్పుడు ఆ కాగితం ఆమె పేరుకు మారిందని తెలిసి ఊళ్ళో ఆడవాళ్ళు నవ్వారు. మొగుడు రాంబాబు ఇక నోరెత్తడని ఒకరూ, ఎత్తినా చేతులు కూడా ఎత్తాల్సి వస్తుందని ఇంకొకరూ అన్నారు. రాంబాబు ఆ ఇంటికి ఇల్లరికం వచ్చినవాడు, ఇలాంటి మాటలకు ఎప్పుడో అలవాటు పడ్డాడు. వాళ్ళతో కలిసి తనూ నవ్వాడు.

వాళ్ళ ఊరు భోపాల్‌పట్నానికి దిగువన, ఇంద్రావతి ఒడ్డున. ఇవతల బస్తరు, అవతల మహారాష్ట్ర. నది మధ్యలో ఎక్కడో గీత ఉందని సర్కారు అంటుంది గానీ, ఆ సంగతి చేపలకూ అడవిపందులకూ ఎవరూ చెప్పలేదు. పందులు ఈ ఒడ్డున జొన్న తిని, ఏరు ఈది, ఆ ఒడ్డున కందులు తిని, పొద్దున్నే ఎవరి అడవికి అవి వెళ్ళిపోయేవి.

అందుకని ఆ రోజుల్లో రెండు ఒడ్డుల మీదా మంచెలుండేవి. ఇవతలి మంచె మీద ముసలయ్య, అవతలి మంచె మీద హుంగా. ముసలయ్యది తెలుగు ఇల్లు, హుంగాది దోర్ల గిరిజనుల ఇల్లు. ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు. ఏ వరసన బావలయ్యారని అడిగితే ఇద్దరూ ఏటి వైపు చెయ్యి చూపించేవారు. పొద్దుగూకే వేళ ముసలయ్య మంచె ఎక్కి ఒక్కటి పేల్చేవాడు. కాసేపటికి అవతలి నుంచి ఇంకొకటి పలికేది. నేను ఉన్నాను, నువ్వూ ఉన్నావు, పందులు ఇటు రాకపోతే అటు వస్తాయి, కాస్త చూసుకో. ఒక్క పేలుడులో ఇంత మాట ఉండేది. రామక్కకు ఆ రెండో చప్పుడు వినబడితే గానీ నిద్ర పట్టేది కాదు. ఇప్పటి పిల్లలు ఫోను పక్కన పెట్టుకుని పడుకున్నట్టు, ఆమె ఆ చప్పుడు చెవిలో పెట్టుకుని పడుకునేది.

ఒకే ఒడ్డు నుంచి వెంటవెంటనే రెండు పేలితే మాత్రం లెక్క వేరు. నాటుతుపాకీ ఒకసారి పేలాక మళ్ళీ కూరేసరికి చుట్ట సగం కాలిపోతుంది. పందుల కోసం ఎవరూ అంత తొందరపడరు. ఇంటిల్లిపాదీ చేతులు కలిపి గబగబా కూరి రెండోది పేల్చారంటే ఆ ఇంటికి ఏదో వచ్చిందన్నమాట. వచ్చింది ఆపదో, చావో ఇటువాళ్ళకు తెలియదు. అందుకని రెండిటికీ సిద్ధపడి బయలుదేరేవారు. ఒక చేత గొడ్డలి, ఒక చేత బియ్యం మూట, భుజం మీద కొత్త గుడ్డ. రెండు పేలుళ్ళకు తుపాకీతో పలకడం ఉండదు, మనిషే రావాలి.

రామక్క తల్లి జ్వరంతో కన్ను మూసిన రోజు ముసలయ్య రెండు పేల్చాడు. వానాకాలం, ఏరు నిండుగా ఉంది. ఇరుగుపొరుగు వాళ్ళు గొడుగులు వెతుక్కుని వచ్చేలోపల హుంగా దోనె వేసుకుని ఏరు దాటి వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. గోచీ నుంచి నీళ్ళు కారుతున్నాయి. బియ్యం మూట మాత్రం తడవకుండా నెత్తిన పెట్టుకున్నాడు. తల్లి ముఖం కన్నా ఆ మూటే రామక్కకు బాగా గుర్తు. అలా గుర్తుండడం తప్పేమోనని ఆమె చాలాసార్లు అనుకుంది గానీ, గుర్తు ఉండేది మనం అడిగి ఉంటుందా.

తరవాత చెడ్డరోజులు వచ్చాయి. తుపాకీ ఉన్నవాణ్ణి అడవిలోవాళ్ళూ అడిగారు, పోలీసు థానావాళ్ళూ అడిగారు. ముసలయ్య తన తుపాకీని గోనెసంచిలో చుట్టి థానాలో జమా చేసి వచ్చాడు. ఇద్దరి మధ్యా నలగలేక ఆ మర్నాడే ఊరు ఊరంతా గోదావరి దాటి ఏటూరునాగారం వైపు మిరపతోటలకు కూలికి పోయింది. చేలో పంట నిలబడే ఉంది. పొయ్యి మీద కుండ పొయ్యి మీదే ఉంది. అవతలి ఒడ్డుకు కబురు చెప్పడానికి టైము లేదు, చేతిలో తుపాకీ లేదు.

మిరపతోటల్లో ఉండగా ఒకసారి ఎండుచేపలు అమ్మేవాడు చెప్పాడు. ఆ ఏడు పంటకాలం పొడుగునా హుంగా రోజూ పొద్దుగూకే వేళ ఒకటి పేల్చి, ఆగి, ఇవతలి ఒడ్డు వైపు చూస్తూ కూర్చునేవాడట. ముసలయ్య ఆ పూట అన్నం ముట్టలేదు. రామక్క బతిమాలితే, చెప్పకుండా మంచె దిగిపోయినోడికి అన్నమెందుకు అన్నాడు.

ఏళ్ళు గడిచాక ఊరు మళ్ళీ ఊరికి చేరింది. రోడ్డు పడింది, టవరు లేచింది, దిగువన ఏటి మీద వంతెన కూడా ఉంది. అవతలి ఒడ్డున హుంగా బతికే ఉన్నాడని సంతకు వచ్చేవాళ్ళు చెబుతూనే ఉన్నారు. రాంబాబు మోటారుసైకిల్ మీద తీసుకుపోతానని ఎన్నోసార్లు అడిగాడు. ముసలయ్య వినలేదు. మొండివాడు రాజుకన్నా బలవంతుడని ఊరికే అన్నారా.

"బండెక్కి పోయి ఏమని చెప్పాలె? పలకాల్సింది మంచె మీంచి. ఆడికెల్లి పలకనోణ్ణి, ఇంటికి పోయి నోటితోని ఏం పలుకుత?" అన్నాడొకసారి.

అంతటితో ఆ మాట ముగిసింది. కానీ పొద్దుగూకే వేళకు ముసలయ్య వాకిట్లో ఏటి వైపు తిరిగి కూర్చోవడం మానలేదు. ఎనభై దాటాయి. చెవులు ఏడాదికేడాది మూసుకుపోతున్నాయి. దగ్గర కూర్చుని అరిస్తే సగం వినబడుతుంది, మిగతా సగం ఆయనే కల్పించుకుంటాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదడం ఎందుకని రామక్క మాటలు తగ్గించి భుజం తట్టడం మొదలుపెట్టింది. అన్నానికి ఒకటి, టీకి రెండు. ఆ చెవులు పూర్తిగా మూసుకుపోయేలోపల మంచె మీది నుంచి ఒక్కసారి తుపాకీ పేలాలి, అవతలి ఒడ్డు పలకాలి, అది తండ్రి వినాలి. రామక్క కోరిక అదొక్కటే.

అధికారులకు మాత్రం పందుల సంగతే చెప్పింది. అదీ అబద్ధం కాదు. మక్కచేను కంకి పట్టిందంటే చాలు, పందుల గుంపు దిగుతుంది. రాంబాబు టపాకాయలు పేల్చాడు, పాత చీరలు కట్టాడు, ఫోనులో కుక్కల అరుపులు పెట్టి కర్రకు వేలాడదీశాడు. పందులకు అది దున్నపోతు మీద వాన. ఒక పంది ఆ ఫోనుని కూడా తొక్కేసి పోయింది.

లైసెన్సు మారిన రోజు పాత తుపాకీని చూడమని థానాలో రాతకోతలు చూసే మున్షీ బయటికి తెప్పించాడు. కట్టె చెదలు తినేసింది. గొట్టం తుప్పుపట్టి, పట్టుకుంటే ఎర్రగా చేతికి అంటుతోంది. ఇది ఇక పేలదు, కాగితం మీద కొత్తది తీసుకోమని మున్షీ చెప్పాడు. మంచి మనిషే, కుర్చీ వేసి మరీ చెప్పాడు. రామక్క ఆ తుప్పుగొట్టం చివర వేలితో తడిమింది. చిన్నప్పుడు అందులోకి చువ్వ దిగుతుంటే వచ్చే చప్పుడు ఆమె వేలికి ఇంకా తెలుసు.

ఇప్పప్పువ్వు అమ్మినదీ, తునికాకు కట్టలు కట్టినదీ, చింతపండు కొట్టినదీ కలిపి ఆమె దగ్గర కొంత పోగయింది. రాంబాబు ఆ డబ్బు మీద పాత పవర్ టిల్లర్ ఆశ పెట్టుకున్నాడు గానీ, భార్య ముఖం చూసి నోరు మూసుకున్నాడు. ఇద్దరూ జగదల్‌పూర్ బస్సెక్కారు. దారి పొడుగునా రాంబాబు ఏ తుపాకీ కొనాలో చెబుతూనే ఉన్నాడు. అతను జన్మలో తుపాకీ పట్టలేదు. పట్టనివాడికే సలహాలు ఎక్కువ.

దుకాణం సేఠ్ పెద్దవాడు, ఓపిక ఉన్నవాడు. రెండు గొట్టాల కొత్త తుపాకీ ముందుగా చూపించి, వాళ్ళ చెప్పుల వైపు చూసి, దాన్ని తనే లోపల పెట్టేశాడు. మిగిలినవి రెండు. ఒకటి ఒంటిగొట్టం తుపాకీ, బరువైనది, ఒక్కో తూటా పెట్టి పేల్చేది. రెండోది పాత రైఫిలు. ఎవరో వేట సరదా ఉన్న పెద్దమనిషిది, ఆయన పోయాక పిల్లలు అమ్మేశారట. సన్నగా, నున్నగా, తేలికగా ఉంది. ఒకసారి తూటాలు నింపితే, మీట నొక్కినప్పుడల్లా ఒకటి పేలుతుంది, తరవాతది దానంతటదే వచ్చి కూర్చుంటుంది. పాతది కాబట్టి ధర వాళ్ళకు అందేలాగే ఉంది. రామక్క లైసెన్సు కాగితం చదివి, దీనికీ పనికొస్తుందని సేఠ్ చెప్పాడు.

రాంబాబు కళ్ళు దాని మీదే పడ్డాయి. గుంపుగా వచ్చే పందులకు వరసగా పేలేదే మందు అన్నాడు. రామక్క ఒంటిగొట్టం తుపాకీ అందుకుని భుజానికి ఆనించింది. మనసు దాని మీదే ఉంది. ఆ బరువు, ఆ గొట్టం వెడల్పు, తండ్రి తుపాకీకి దగ్గరి చుట్టంలా ఉంది. కానీ కుడిభుజం అప్పుడే సలిపింది. చింతచెట్టు మీది నుంచి పడి విరిగిన భుజం అది, సరిగ్గా అతకలేదు. ఈ తుపాకీ వెనక్కి తన్నితే ఆ భుజం ఒక్క పంటకాలం కూడా ఆగదని సేఠ్ ఆమె ముఖం చూసే చెప్పాడు.

ఆమె రైఫిలు తీసుకుంది. భుజానికి పెట్టింది. నొప్పి లేదు.

"చప్పుడు ఎట్లుంటది దీనిది?" అని అడిగింది.

సేఠ్‌కు తెలుగు కొంచెం వచ్చు. అయినా సరిగ్గా విన్నాడో లేదోనని రాంబాబు వైపు చూశాడు. దుకాణానికి వచ్చేవాళ్ళు ఎంత దూరం కొడుతుందని అడుగుతారు, ఎంత తిన్నగా కొడుతుందని అడుగుతారు. చప్పుడు అడిగినవాళ్ళు లేరు.

"నది దాటుతదా?" అంది రామక్క.

"గోలీయా అమ్మా?"

"గోలీ కాదు. చప్పుడు."

సేఠ్ గడ్డం గోక్కున్నాడు. ఒంటిగొట్టం అంత ఉరమదనీ, కానీ గాలి లేని సాయంత్రం నీళ్ళ మీదుగా పోతే దాటుతుందనీ నిజాయితీగా చెప్పాడు. రామక్క ఒంటిగొట్టాన్ని ఇంకోసారి చూసి, రైఫిలే తీసుకుంటానంది. కొన్న వస్తువు మీద ఆమెకు సంతోషమూ ఉంది, దిగులూ ఉంది. నచ్చిన చీర వదిలి, నిలిచే చీర కొనుక్కున్న రోజున ఆడవాళ్ళకు అలాగే ఉంటుంది.

సేఠ్ దాన్ని తుడిచి ఇస్తూ ఒక మాట అన్నాడు. ఇది నాటుతుపాకీ కాదు, అది పేలేదాకా భయం, ఇది పేలిన తరవాతే భయం, మీట మీంచి వేలు తీయడం ఒక్క క్షణం మరవకు అన్నాడు. రామక్క తలూపింది. విన్నది కూడా. కానీ వినడం వేరు, చేతికి ఎక్కడం వేరు. వాళ్ళింట్లో ఒక మాట ఉండేది, పేలిన తుపాకీ కట్టెతో సమానం అని. ఆ మాటతోనే ఆమె పెరిగింది.

థానాలో రాయించుకుని ఇంటికి తెచ్చేసరికి ముసలయ్య వాకిట్లో ఎదురుచూస్తున్నాడు. తుపాకీని ఒళ్ళో పెట్టుకున్నాడు. గొట్టం వాసన చూశాడు. మందు వాసన లేదు. చువ్వ ఎక్కడని వెతికాడు. చువ్వా లేదు.

"ఇది తుపాకీయా, పొయ్యి ఊదే గొట్టమా?" అన్నాడు. అని, ఆ సాయంత్రందాకా దాన్ని ఒళ్ళోంచి దించలేదు.

కార్తీకమాసం, గాలి లేదు. పొద్దుగూకే వేళకు ముసలయ్య ఉతికిన తలపాగా చుట్టుకుని మంచె కింద నిలబడ్డాడు. రాంబాబు కింది నుంచి నెట్టాడు, రామక్క పై నుంచి లాగింది, మధ్యలో ఆయన ఇద్దరినీ తిట్టాడు. ఎక్కాక ఏటి వైపు తిరిగి కూర్చున్నాడు. ఏరు అక్కడే ఉంది. అవతలి ఒడ్డు చెట్లు కాస్త పలచబడ్డాయి. అంత ఎత్తున, అంత దగ్గరగా తండ్రి పక్కన కూర్చుని ఎన్నేళ్ళయిందో రామక్క లెక్కపెట్టలేదు.

ఏటి గట్టు మట్టిలోకి గురిపెట్టి ఆమె మీట నొక్కింది.

చప్పుడు సన్నగా, గట్టిగా పోయింది. ఆమె చిన్నప్పటి ఉరుములాంటిది కాదు. ముసలయ్య చెవికి ఎంత చేరిందో తెలియదు, మంచె వెదుళ్ళు అదిరినది మాత్రం ఆయనకు తెలిసింది. నోరు తెరిచి పసిపిల్లాడిలా నవ్వాడు. చిన్నప్పుడు పేలగానే తుపాకీని తుడవడానికి అందుకునేది తను. ఇప్పుడు తండ్రి చేతులు ముందుకు చాచాడు. పేలిన తుపాకీ కట్టెతో సమానం. రామక్క ఎడమచేత్తో గొట్టం కిందికి వంచి, కుడిచేత్తో మీట దగ్గర పట్టి అందించబోయింది. వేలు ఇంకా మీట మీదే ఉంది.

రెండోది పేలింది.

మంచె ముందున్న చేలో మట్టిబెడ్డలు లేచాయి. కింద రాంబాబు మక్కమొక్కల్లోకి దూకి పడుకున్నాడు. ఎవరికీ ఏమీ కాలేదు. రామక్క తూటాలన్నీ బయటికి తీసి కొంగున కట్టుకుంది.

"రెండు పేల్చినవేందే," అన్నాడు ముసలయ్య. ఆయన ముఖంలో నవ్వు పోయింది. వెదుళ్ళు రెండుసార్లు అదిరాయి, ఆయనకు చెవులతో పని లేదు.

చెయ్యి చెవి వెనక పెట్టి ఏటి వైపు వంగాడు. అవతలి ఒడ్డు మీద కొంగలు లేచి మళ్ళీ వాలాయి. ఎవరూ పలకలేదు.

"పలికిండా?" అని అడిగాడు.

పలికాడని చెప్పొచ్చు. ఆయనకు ఎలా తెలుస్తుంది? ఒక్క అబద్ధంతో ఆ ముసలిప్రాణం చల్లబడుతుంది. ఆ మాట నాలుక దాకా వచ్చింది కూడా. కానీ ఈ మంచె మీద, ఈ ఏటి మీద, ఇంతవరకూ ఎవరూ దొంగపలుకు పలకలేదు.

"పలకలే నాయినా," అంది.

ముసలయ్య నెమ్మదిగా తలూపాడు. రెండిటికి పలికేది ఉండదు గదా, రావాలె గదా అన్నాడు. కాసేపాగి, ఆ లెక్క తెలిసినోళ్ళు ఇంకా ఎవరున్నారు అన్నాడు. రెండో మాట ఆయన తనకు తాను చెప్పుకున్నాడు. మంచె దిగేటప్పుడు ఎవరినీ తిట్టలేదు. రాంబాబుకి అదే భయమేసింది.

ఆ రాత్రి రామక్క తనను తాను తిట్టుకున్న తిట్లు పందులను కూడా తిట్టి ఉండదు. ఇన్నేళ్ళ తరవాత ఒక్క మాట పలికే అవకాశం వస్తే, ఆ మాట కాస్తా చావుకబురు చేసింది. హుంగా వస్తే ఏమని చెప్పాలి, రాకపోతే నాయినకు ఏమని చెప్పాలి? రెండూ తెలియక అలాగే నిద్రపోయింది.

తెల్లవారి పొయ్యి రాజేస్తుంటే మోటారుసైకిల్ చప్పుడు వినబడింది. వాకిలి ముందు ఆగింది. నడుపుతున్నవాడు నడివయసు మనిషి, ముఖమంతా దుమ్ము. అతని వెనక, నడుముకు తాడుతో కట్టేసి ఉన్నాడు ఒక ముసలివాడు. దారిలో కునుకు పట్టి పడిపోతాడని కొడుకు కట్టి తెచ్చాడు. ముసలివాడి భుజాన గొడ్డలి, ఒళ్ళో బియ్యం మూట, మెడ చుట్టూ మడత విప్పని తెల్లగుడ్డ. చప్పుడు ఏటి మీదుగా పోయింది, హుంగా వంతెన మీదుగా చుట్టూ తిరిగి వచ్చాడు. దోనెలు ఎప్పుడో పోయాయి.

కొడుకు మంగ్లూ తాడు విప్పాడు. హుంగా దిగి, రామక్క తలపై చెయ్యి పెట్టాడు. ఇంత పెద్దదైందని గానీ, ఎన్నేళ్ళయిందని గానీ అనలేదు.

"ఎప్పుడు పోయిండు బిడ్డా?" అని అడిగాడు.

రామక్కకు కన్నీళ్ళు వచ్చాయి, అవి చూసి ఆయన చావే అనుకున్నాడు. ఆమె పొయ్యి పక్కకు చెయ్యి చూపించింది. అక్కడ దుప్పటి కప్పుకుని టీగ్లాసు పట్టుకుని కూర్చుని ఉన్నాడు ముసలయ్య. వచ్చినవాళ్ళెవరో ఆయనకు ఇంకా తెలియలేదు. హుంగా ఆ దుప్పటినీ, గ్లాసునీ, గ్లాసులోంచి లేస్తున్న ఆవిరినీ ఒక్కొక్కటిగా చూశాడు. తరవాత బియ్యం మూట కింద పెట్టి, దగ్గరికి పోయి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

ముసలయ్య చేతిలో గ్లాసు ఒలికింది.

ఇద్దరూ ఒకరి మోకాళ్ళ మీద ఒకరు చేతులు వేసుకుని కూర్చున్నారు. మధ్యలో రామక్క జరిగిందంతా చెప్పింది, తుపాకీ తప్పు కాదనీ తన వేలు తప్పనీ ఒప్పుకుంది. హుంగా విని నవ్వాడు. పళ్ళు లేవు. ఎలా గుర్తుపట్టావని మంగ్లూ దారంతా అడిగాడట. అది నాటుతుపాకీ చప్పుడు కాదనీ, ఎవరో ఏదో కాల్చుకుంటున్నారనీ వాదించాడట.

"చప్పుడు మారింది. లెక్క మారలే," అన్నాడు హుంగా.

ముసలయ్య ఆయన పెదవుల వైపు చూస్తున్నాడు. అన్ని సంవత్సరాలు దాచుకున్న మాట అప్పుడు బయటికి వచ్చింది. చెవిటివాడి గొంతు కదా, ఊరంతా వినేటంత గట్టిగా వచ్చింది.

"చెప్పకుండ పోయిన బావా. నువ్వు రోజూ పిలిచినవంట. నేను పలకలే."

హుంగా అర్థం కానట్టు చూశాడు. తరవాత ముసలయ్య చెవి దగ్గరికి వంగాడు.

"పిలువలే. పోయినోళ్ళంత చెప్పకుండనే పోయిండ్రు, నాకు తెల్వదా? నీ చేను నిలబడి ఉండె గదా. ఈ ఒడ్డున తుపాకీ లేదని పందులకు తెలిస్తే ఊకుంటయా? అందుకే పేల్చిన."

ముసలయ్య మళ్ళీ చెప్పమన్నట్టు చెయ్యి ఆడించాడు. హుంగా మళ్ళీ చెప్పాడు. ఆ పంట తరవాత ఎవరు కోసుకున్నారో తనకు తెలియదనీ, పందులు మాత్రం తినలేదనీ, ఆ పూచీ తనదనీ కూడా చెప్పాడు. తన తుపాకీ ఆ మరుసటేడే జమా అయిపోయిందట. ముసలయ్య తలపాగా కొసతో ముఖం మొత్తం కప్పేసుకున్నాడు. ఆ పేలుడును నింద అనుకుని ఇంతకాలం మోశాడు. అది కాపలా. ఏటికి అటువైపు నుంచి ఒక మనిషి తన చేనుకు కూడా కాపలా కాశాడు, తనేమో ఆయనకు ముఖం చూపించలేక దాక్కున్నాడు.

చావుకని తెచ్చిన గుడ్డని వెనక్కి తీసుకుపోకూడదు. బియ్యం వండుకుని తినేయొచ్చు, గుడ్డ సంగతేమిటని రామక్క అడిగింది. హుంగా ఆలోచించి, గొడ్డలి అంచును గుడ్డ మధ్యలో పెట్టి బర్రున చించాడు. సగం ముసలయ్య తలకు చుట్టాడు, సగం తన తలకు చుట్టుకున్నాడు. ఎవరు ముందు పోతే వాళ్ళది రెండోవాడు విప్పి కప్పాలన్నాడు. మంగ్లూకి ఆ మాట నచ్చలేదు. ముసలివాళ్ళిద్దరికీ బాగా నచ్చింది. మధ్యాహ్నం ఆ బియ్యమే వండి, చేపలపులుసుతో తిని, నిద్రపోయి, లేచి, అప్పుడు వెళ్ళాడు హుంగా. వెళ్ళేటప్పుడు తాడు కట్టనివ్వలేదు.

మర్నాటి పొద్దుగూకే వేళకు ముసలయ్యను మళ్ళీ మంచె ఎక్కించారు. రామక్క రైఫిలులో ఒక్క తూటా పెట్టింది. వరసగా పేలే తుపాకీ కొని ఒక్కొక్కటే పెట్టుకునే మనిషిని బస్తరంతా వెతికినా దొరకదని కింది నుంచి రాంబాబు అన్నాడు. ఆమె పట్టించుకోలేదు. గట్టు మట్టిలోకి పేల్చింది. వేలు తీసింది. తుపాకీని పక్కన పెట్టి, తండ్రి చేతులు అందుకోకముందే ఖాళీ అయిందని రెండుసార్లు చూసుకుంది.

ఏరు నెమ్మదిగా పోతోంది. ముసలయ్య తెల్ల తలపాగా సర్దుకుని, చెవి వెనక చెయ్యి పెట్టుకున్నాడు. ఏటి అవతలి నుంచి ఆ చెవికి ఇక ఏమీ రాదని ఇద్దరికీ తెలుసు.

అప్పుడు అవతలి ఒడ్డు మీద డోలు మోగింది. ఒకే ఒక్క దెబ్బ. తుపాకీ లేని మనిషి ఇంట్లో ఉన్నదానితో పలికాడు.

"పలికిండా?" అన్నాడు ముసలయ్య.

రామక్క ఆయన భుజం మీద ఒక్కసారి తట్టింది.

ఆయన కాసేపు ఆగాడు, ఇంకోటి పడుతుందేమోనని. పడలేదు.

"ఒక్కటే," అన్నాడు. "ఉన్నడు."